ఫిన్లాండులో నాగూర్ ఇల్లు

బుధవారం పొద్దున నాగూర్ పెట్టుకున్న పనులు మూడే. బండి కడగడం, బాబాగారి చేతి జీపీఎస్‌లో చెరువుల మ్యాపు వేయించుకుని రావడం, తన పెట్టె సర్దుకోవడం. మూడింటిలోకీ తేలికైనది రెండోదే అనుకున్నాడు.

నాగూర్‌ది కడప జిల్లా. ఖతార్‌లో, దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్దాయన ఇంట్లో హౌస్ డ్రైవరు. ఆ పెద్దాయనను ఇంట్లో పనిచేసేవాళ్ళు బాబా అంటారు, స్నేహితులు అబూ హమద్ అంటారు. భార్య పోయి చాలా కాలమైంది. కొడుకు వెస్ట్ బేలో ఆఫీసు పెట్టుకుని వేరే కాపురం ఉంటున్నాడు. చేపలు పట్టడం తప్ప బాబాకు వేరే వ్యసనం లేదు. మదీనత్ అల్ షమాల్ దగ్గర ఆయనకొక పడవ ఉంది. సముద్రం మీద దారీ లోతూ తెలియడానికి అరచేతిలో పట్టేంత జీపీఎస్ ఒకటి కొనుక్కున్నాడు.

ఈసారి ఆయన ఫిన్లాండు వెళ్తున్నాడు. అక్కడ ఒక పాత స్నేహితుడున్నాడు. ఆ దేశంలో చలికాలం వస్తే చెరువు పైభాగం గడ్డ కట్టేస్తుందట. మనుషులు దాని మీద నడిచి వెళ్ళి, పీట వేసుకుని కూర్చుని, గడ్డకు బొక్క పెట్టి అందులోంచి గాలం వేస్తారట. పైన అంతా తెల్లగా ఉంటుంది కనుక నీళ్ళు ఎక్కడ లోతో కంటికి తెలియదు. మ్యాపే చెప్పాలి.

ఇదంతా బాబా పొద్దున్నే నాగూర్‌ను నిలబెట్టి వివరించాడు. ఆయన మాటల్లో సగం అరబ్బీ, పావు హిందీ, మిగిలింది చేతులు. కొడుకును అడిగితే ఈ వయసులో మంచు మీద కూర్చోవడమేమిటని కోప్పడతాడు కాబట్టి పని నాగూర్ మీద పడింది.

"హాదిర్ బాబా" అన్నాడు నాగూర్.

ఆ మాటకు చిత్తం అని అర్థం. తెలిసిందని కాదు. హౌస్ డ్రైవరుగా వచ్చినవాడు మొదటి రోజున నేర్చుకునే మాట అదే. తర్వాత ఎంత దూరమైనా దాంతోనే నడుపుతాడు.

నాగూర్‌కు ఈ ప్రయాణం బాబాకంటే ఎక్కువ ముఖ్యం. శుక్రవారం బాబా విమానం ఎక్కితే ఆ సాయంత్రమే నాగూర్ కూడా ఎక్కుతాడు. బాబా ఊళ్ళో లేని పది రోజులే అతని లీవు. భార్య హుస్సేన్‌బీ కడుపుతో ఉండగా అతను ఖతార్ వచ్చాడు. కూతురు రెహానాకు ఇప్పుడు మూడో ఏడు. ఆ పిల్లను అతను ఇంతవరకు ఎత్తుకోలేదు. ఒకసారి లీవు చేతిదాకా వచ్చి బాబా మోకాలి ఆపరేషనుతో పోయింది. ఇంకోసారి పడవ రిపేరుతో పోయింది. బాబా కదిలితేనే నాగూర్ కదలగలడు.

వంటింట్లో టీ తాగుతూ ఈ సంగతి శ్యామలతో చెప్పాడు. శ్యామలది కోనసీమ, ఆ ఇంట్లో వంట ఆమెదే. నాగూర్ ఆమెను అక్కా అంటాడు.

"ఏటి నాగూరూ, ముసలాయన చెరువు మీద కూర్చుంటాడా?"

"మీద్నే అక్కా. గడ్డ కడతాదంట."

"మా ఇంట్లో పాల మీద మీగడ కూడా కడద్ది. ఈగ కూర్చుంటే మునుగుద్ది."

"ఏనుగు నిలబడినా ఏం కాదంట."

"ఏనుగుకి నాలుగు కాళ్ళు. ఈయనకున్నయ్యే రెండు, అందులో ఒకటి ఆపరేషన్ది." శ్యామల గరిటె పక్కన పెట్టింది. "నా మాట ఇను. మ్యాపులో లోతు రాసుంటదన్నావు కదా? లోతు తక్కువున్న చెరువు సూసి ఏయించు. మోకాల్లోతు. పడ్డా లేచి వచ్చేత్తాడు. ఆయనకేవన్నా అయితే నీ లీవు సంగతలా ఉంచు, మనిద్దరి వీసాలూ గోదాట్లో కలిసిపోతాయ్."

నాగూర్‌కు ఆ మాట న్యాయంగా తోచింది.

పాత దోహాలో గాలాలు, డేరాలు, జీపీఎస్‌లు అమ్మే దుకాణం ఒకటుంది. అందులో పనిచేసే ఇక్రాముద్దీన్‌ది నిజామాబాద్ వైపు. అతను జీపీఎస్‌ను వైరుతో కంప్యూటరుకు తగిలించి, ఫిన్లాండు చెరువుల మ్యాపు దానిలోకి ఎక్కించి, తెర మీద తెరిచి చూపించాడు. నాగూర్ వంగి చూశాడు. తెరంతా నీలం మచ్చలు. మచ్చకూ మచ్చకూ మధ్య వేలు పెట్టే చోటు లేదు.

"ఏందన్నా ఇది?"

"ఫిన్లాండ్."

"పురుగులు కొట్టిన కంబళి మాదిరుండాదే."

"గవన్ని చెర్వులు భాయ్."

నాగూర్ పుట్టిన చోట ఊరికొక చెరువు ఉంటే గొప్ప. అందులో నీళ్ళుంటే ఇంకా గొప్ప. నీళ్ళు రావాలని ఊరంతా ప్రార్థనలు చేసిన సంవత్సరాలు అతనికి గుర్తున్నాయి. ఒక్క దేశానికి ఇన్ని చెరువులు ఎవరిస్తారు?

"ఇన్ని చెరువులు యాడన్నా ఉంటాయా అన్నా? చెరువులే ఇన్నుంటే మనుషులు యాడ కాపరముంటారు? ఇది చెడిపోయిన మ్యాపు."

ఇక్రాముద్దీన్ ఆ మ్యాపును చాలామందికి అమ్మాడు కానీ ఎప్పుడూ దానివైపు చూడలేదు. ఇప్పుడు చూశాడు. అతనికీ అనుమానం వచ్చింది. "నిజమే. జెర ఎక్కువనే ఉన్నయ్."

"ఈ అంకెలేంది?"

"లోతు. మీటర్లల్ల."

బాబా స్నేహితుడి చెరువును వెతికి పట్టుకున్నారు. దాని నడిమధ్యన పద్దెనిమిది అని ఉంది. బాబాలాంటి మనుషులు పది మంది ఒకరి మీద ఒకరు నిలబడితే తప్ప పై మనిషి తల బయటికి రాదు. నాగూర్‌కు శ్యామల మాటలు గుర్తొచ్చాయి.

"వద్దన్నా. వేరేది చూపించు."

ఇక్రాముద్దీన్ ఇంకో మ్యాపు తెరిచాడు. "గిదాంట్ల దునియా మొత్తం ఉంటది."

"ఫిన్లాండు ఉంటాదా?"

"దునియాల లేకుంటే ఫిన్లాండ్ ఇంకెక్కడ ఉంటది భాయ్?"

అయినా నాగూర్ జాగ్రత్త పడ్డాడు. "నిజమైన మ్యాపని నమ్మేదెట్లన్నా?"

"మీ ఊరు చూసుకో. మీ ఊరు కరెక్టుంటే అన్ని కరెక్టే."

ఇంతకంటే మంచి పరీక్ష లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. కడప వైపు వివరాలు కూడా ఎక్కించాక నాగూర్ తెర మీద కడప దాటి, ప్రొద్దుటూరు దాటి, మట్టిరోడ్డు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. కొడవలి ఆకారంలో చెరువు కనిపించింది. కట్ట ఉంది, కట్ట మీద దారి వంపు తిరిగిన చోటు కూడా ఉంది. ఆ దారిలో అతను వేలు పెట్టి నడిచి, ఒక చోట ఆపాడు.

"ఇల్లా?" అన్నాడు ఇక్రాముద్దీన్.

నాగూర్ తలూపాడు. ఇక్రాముద్దీన్ అడగకుండానే అక్కడొక గుర్తు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో 'నాగూర్ ఇల్లు' అని కొట్టాడు. "చెరువు లోతెంత?"

"రెండడుగులు. మోకాల్లోతు. చిన్నప్పట్నుంచి దిగినోణ్ణి, నాకు తెల్దా?"

ఇక్రాముద్దీన్ అది కూడా కొట్టాడు. తర్వాత తన ఊరి చెరువూ చూసుకోవాలనిపించి, ఆ వైపు వివరాలు కూడా ఎక్కించి చూసుకున్నాడు. అంతలో డేరా మేకులు కొనడానికి వచ్చిన ఏసోబు అనే డ్రైవరు, తనది బాపట్ల దగ్గరని చెప్పి, తన ఊరూ ఎక్కించి చూపించమన్నాడు. అందరి ఊళ్ళూ ఉన్నాయి. అందరి ఊళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. కానీ జీపీఎస్‌లో చోటు అయిపోయింది.

"ఏదో ఒకటి తీసెయ్యాలె" అన్నాడు ఇక్రాముద్దీన్.

"చెడిపోయిందే తీసెయ్యన్నా" అన్నాడు నాగూర్.

అలా ఫిన్లాండు తీసేశారు.

ఆ సాయంత్రం నమాజు తర్వాత బాబా మజ్లిస్, అంటే అతిథుల గది, నిండింది. ప్రయాణం వెళ్ళేవాడికి వీడ్కోలు చెప్పడానికి స్నేహితులు, బంధువులు వచ్చి గోడల వెంట దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. బాబా పక్కనే ఆయన బాబాయి కొడుకు అబూ నాసర్ కూర్చున్నాడు. ఎప్పుడో బాబా ఒక్కడే వెళ్ళి తన ఎత్తున్న హమూర్ చేపను పట్టి వదిలేశానని చెప్పాడు. సాక్షి లేడు. అప్పటినుంచీ అబూ నాసర్ ఎక్కడ ఏ చేప కనిపించినా, "ఇది మా అన్న వదిలేసిన చేపలాగుంది" అంటాడు.

బాబా గంభీరంగా జీపీఎస్ తీసి అందరికీ చూపించాడు. అది ఆఖరున పెట్టిన గుర్తు దగ్గరే తెరుచుకుంది. ఆయనకు కళ్ళద్దాలు లేవు. నీలంగా ఏదో కనిపించింది, చాలనుకున్నాడు. "నేను కూర్చునే చెరువు ఇదే."

యంత్రం చేతులు మారుతూ అబూ నాసర్ దగ్గరకు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకునే మనిషి.

"అబూ హమద్, ఇక్కడ 'నాగూర్ ఇల్లు' అని ఉంది. ఏమిటది?"

కాఫీ పోస్తున్న నాగూర్ చెయ్యి ఆగింది. బాబా అతనివైపు చూశాడు. అందరూ అతనివైపు చూశారు.

"హోటల్, బాబా" అన్నాడు నాగూర్.

"హోటలు పేరూ నీ డ్రైవరు పేరూ ఒకటేనా?" అన్నాడు అబూ నాసర్.

బాబాకు విషయం తెలియలేదు కానీ పరువు తెలుసు. కాఫీ ఒక గుక్క తాగాడు. "ఆ దేశంలో ఆ పేరు చాలా మామూలు."

"లోతు రెండు అని ఉంది. రెండు ఏమిటి?"

"చూసేవాడి ధైర్యాన్ని బట్టి ఉంటుంది" అన్నాడు బాబా.

అందరూ తలలూపారు. అబూ నాసర్ మాత్రం యంత్రం తిరిగిచ్చేస్తూ, "మాషా అల్లా. తిరిగి వచ్చేటప్పుడు చేప ఫోటో తీసుకురా. మంచు మీద చేప. వదిలేశానని చెప్పకు" అన్నాడు. మజ్లిస్ అంతా నవ్వింది. బాబా నవ్వలేదు.

అతిథులు చెప్పులు వేసుకుని వెళ్ళేదాకా బాబా ఓపిక పట్టాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని తెర చూశాడు. మళ్ళీ నాగూర్‌ను చూశాడు. నాగూర్ ఏదీ దాచలేదు. ఫిన్లాండు చెడిపోయి మచ్చలు పడిందని, అందుకే తీసేయించానని, ఈ చెరువు మాత్రం సొంత కళ్ళతో చూసిందని, మోకాల్లోతే కనుక ప్రాణభయం లేదని చెప్పాడు.

"ఫిన్లాండ్ చెడిపోయిందా?" అన్నాడు బాబా నెమ్మదిగా.

"పూర్తిగా బాబా."

"అవి చెరువులు నాగూర్! అన్నీ చెరువులే! నేను అందుకే వెళ్తున్నాను!" బాబా లేచి నిలబడ్డాడు. "రేపటికి ఫిన్లాండ్ తిరిగి రాకపోతే ఇజాజా మాఫీ. లీవు లేదు."

గురువారం దుకాణం తలుపులు తెరిచేసరికి నాగూర్ గుమ్మం ముందున్నాడు. ఇక్రాముద్దీన్‌కు విషయం చెప్పాడు. ఇక్రాముద్దీన్ తల పట్టుకుని, తన ఊరు తీసేశాడు. ఏసోబు ఊరు తీసేశాడు. ఫిన్లాండుకు ఇంకా కొంచెం చోటు తక్కువైంది.

"నీ ఊరు తియ్యాలె భాయ్."

"సముద్రం మ్యాపు కొంచెం తీసెయ్యన్నా. పడవకు మా బాబా మళ్ళా వేయించుకుంటాడు."

"మీ మాలిక్ అడుగుతే?"

"ఈ పొద్దుటికి ఇది గట్టెక్కితే చాలు."

ఇక్రాముద్దీన్ అతని ముఖం చూసి, సముద్రం సగం తీసేశాడు. మధ్యాహ్నానికి నాగూర్ జీపీఎస్ తెచ్చి బాబా ముందు పెట్టాడు. తెర నిండా మచ్చలు చూసి బాబా మొహం వికసించింది. చెరువు సరైనదేనా అని ఒకసారి అడుగుదామని ఫిన్లాండు స్నేహితుడికి ఫోన్ చేశాడు. నాగూర్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బాబా మొదట గట్టిగా మాట్లాడాడు, తర్వాత మెల్లగా, తర్వాత వినడమే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మచ్చలవైపే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కడ వర్షం పడుతోందట. గడ్డ పలచగా ఉందట. ఎవరూ చెరువు మీదకు వెళ్ళడం లేదట." ఆయన యంత్రం ఆపేశాడు. "థల్జ్ మాఫీ. గడ్డే లేదు. ఈసారి ప్రయాణం లేదు."

నాగూర్ "హాదిర్ బాబా" అన్నాడు.

వంటింటి వెనక గదిలో అతను పెట్టె ముందు కూర్చుని ఉండగా శ్యామల వచ్చింది. "పెట్టె సర్దేసావా?"

"విప్పుతాండానక్కా."

పెట్టెలో పైన ఒక చిన్న గులాబీ గౌను ఉంది. కిందటి లీవుకని కొన్నది చిన్నదైపోయి ఉంటుందని మళ్ళీ కొన్నాడు. శ్యామల గౌను మడత సరిచేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బాబా ఇద్దర్నీ పిలిచాడు. కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను రేపు ఫిన్లాండ్ వెళ్తున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మజ్లిస్ అంతా నాకు వీడ్కోలు చెప్పింది. అబూ నాసర్ నా చెయ్యి పట్టుకుని దువా చేశాడు. ఇప్పుడు గడ్డ కట్టలేదంటే వాడు ఏమంటాడు? గడ్డ కూడా వదిలేశానంటాడు. కాబట్టి నేను వెళ్తున్నాను. పది రోజులు ఈ ఇంట్లోంచి బయటికి రాను. బండి మీద ముసుగు వెయ్యండి."

"హాదిర్ బాబా" అన్నాడు నాగూర్.

"నువ్వు ఇక్కడేం చేస్తావు?" బాబా ఉరిమి చూశాడు. "డ్రైవరు కూరగాయల కొట్లో కనిపిస్తే బాబా ఇంట్లో ఉన్నాడని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. నేను ఫిన్లాండ్‌లో ఉంటే నువ్వు నీ ఊళ్ళో ఉండాలి. యల్లా, టికెట్ ఉంది కదా, పో!"

నాగూర్ కదల్లేదు. శ్యామల వెనకనుంచి అతని వీపు మీద ఒకటి పొడిచాక కదిలాడు.

"ఆగు. నీ చెరువులో చేపలుంటాయా?"

"ఉంటాయి బాబా."

"ఒక చేపను పట్టు. మంచు మీద పెట్టి ఫోటో తియ్యి. చెట్టు కనపడకూడదు. ఎండ కనపడకూడదు. మనిషి అసలే కనపడకూడదు."

శ్యామల వంటింట్లోకి వెళ్ళి, బాబాకు వినపడకుండా అంది. "మీ ఇద్దరూ బానే ఉన్నారు. పది రోజులు ఈయన నట్టింట్లో కూర్చుని ఫిన్లాండులో ఉంటే నేనే చెరువులో దూకను?"

ఊళ్ళో బస్సు దిగగానే నాగూర్ మొదట చూసింది చెరువును. నవంబరు వానలకు అది కట్ట అంచుదాకా నిండి, తూము దగ్గర అలలు కొడుతోంది. మోకాల్లోతని అతను ప్రమాణం చేసి చెప్పిన చోట ఇద్దరు మనుషులు మునిగేంత నీళ్ళున్నాయి. అతను కట్ట మీద కొంతసేపు నిలబడి, దువా చేసి, ఇంటికి నడిచాడు.

తలుపు తీసింది రెహానా. ఎగాదిగా చూసి, "మా, ఎవురో వచ్చినారు" అని లోపలికి పరిగెత్తింది. గులాబీ గౌను తొడిగించుకుంది కానీ తెచ్చినవాడి దగ్గరకు రాలేదు. హుస్సేన్‌బీ, "ఫోన్‌లో మాట్లాడే నాయనే కదే" అని ఎన్నిసార్లు చెప్పినా, ఫోన్ వైపు చూసి, అతనివైపు చూసి, తల అడ్డంగా ఊపింది. అన్నం తినేటప్పుడు అతని కంచం చూసేది. చెయ్యి చాస్తే తల్లి కొంగు వెనక్కి పోయేది. ఇలా రోజులు గడిచాయి. నాగూర్ తొందరపడలేదు. మూడేళ్ళు కాచుకున్నవాడికి అది వచ్చిన విద్యే.

ఒకరోజు పొద్దున ప్రొద్దుటూరు చేపల బజారులోంచి పెద్ద ఐసు దిమ్మె ఒకటి గోనెలో చుట్టించి, రంపపు పొట్టు పోయించి, ఆటోలో తెచ్చాడు. వాకిట్లో తెల్లటి గుడ్డ పరిచి దాని మీద దిమ్మె పెట్టాడు. చెరువులో పట్టించిన బొచ్చె చేపను దాని మీద పడుకోబెట్టాడు. చెట్టు కనపడకుండా, ఎండ కనపడకుండా హుస్సేన్‌బీ చేత దుప్పటి అడ్డం పట్టించాడు.

ఐసు దిమ్మె పొగలు కక్కుతోంది. రెహానా అలాంటిది ఎప్పుడూ చూడలేదు. నిప్పు లేకుండా పొగ ఎలా వస్తుందో తెలుసుకోవాలని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. నాగూర్ ఫోన్‌లో చేపను చూస్తూ బొత్తాం నొక్కాడు. అదే క్షణంలో పిల్ల దిమ్మె మీద కాలు పెట్టి, కెవ్వున అరిచి, ఎదురుగా ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకి ఎక్కేసింది. దొరికింది తండ్రి మెడ.

"కాలింది నాయనా, కాలింది" అని అతని భుజం మీద ఏడ్చింది.

"చల్లనిదమ్మా అది."

"కాదు. కాలింది."

"సరేలేమ్మా, కాలింది" అన్నాడు నాగూర్. దిమ్మె కరిగి వాకిలంతా పారేదాకా పిల్లను దించలేదు. ఒక చేత్తోనే ఫోటో బాబాకు పంపాడు. దాన్ని మళ్ళీ చూసుకోలేదు.

పది రోజుల తర్వాత బాబా ఫిన్లాండ్ నుంచి తిరిగి వచ్చాడు. సాయంత్రం మజ్లిస్ నిండింది. బయట ఎండ తగలక ఆయన రంగు కాస్త తెల్లబడిందని, ఆ దేశపు చలికి అలాగే అవుతుందని అందరూ అన్నారు. నాగూర్ కాఫీ పోస్తున్నాడు. ఫోటో చేతులు మారింది. మంచు మీద చేపను చూసి పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. చివరికి ఫోన్ అబూ నాసర్ దగ్గరకు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోటోను పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

"చేప బాగుంది" అన్నాడు. "మంచు కూడా బాగుంది. కానీ అబూ హమద్, ఈ మూలన వెండి పట్టీ పెట్టుకున్న చిన్న పాదం ఒకటుంది. ఎవరిది?"

నాగూర్ చెయ్యి మళ్ళీ ఆగింది. బాబా అతనివైపు ఒక్కసారి చూశాడు. ఆఖరి గుక్క తాగి, ఇక చాలన్నట్టు ఫింజాను గిన్నెను అటూ ఇటూ ఊపి అతని చేతికిచ్చాడు.

"ఆ దేశంలో అది చాలా మామూలు" అన్నాడు.